తాళానికి పెట్టిన బొట్టు

దసరా సెలవుల తర్వాత ఆఫీసు తెరిచిన గురువారం ఉదయం విశాలాక్షి మొండెం గది ముందు నిలబడి, గాజుకు తగిలించుకున్న పిన్నీసు ఊడదీసి, తాళంకప్ప కన్నంలో గట్టిపడిన గంధాన్ని పెళ్ళగించసాగింది. కప్ప మీద పసుపు పూత, దాని నడిమధ్య రూపాయి బిళ్ళంత కుంకుమ బొట్టు. తాళంచెవి కొస కూడా దూరనంతగా గంధం కన్నాన్ని పూడ్చేసింది. అది పెచ్చులు పెచ్చులుగా రాలి కాళ్ళ దగ్గర పడుతుంటే, పక్కన నిలబడ్డ నవనీతతో, "ఇనుముకు కూడా వేడి చేస్తుందని ఇప్పుడే తెలిసిందమ్మాయ్" అంది. చేతిరుమాలుతో కప్పను శుభ్రంగా తుడిచి, ఎర్రబడ్డ ఆ రుమాలును విసుగ్గా మడిచి సంచిలో పడేసుకుంది.

ఆ గదికి మొండెం గది అని పేరు పెట్టింది నవనీతే. జనగామ నుంచి వచ్చి విశాలాక్షి దగ్గర పరిశోధన చేస్తున్న పిల్ల. విశ్వవిద్యాలయం ఆవరణలో చింతచెట్ల వెనక ఉన్న ఈ వర్షపాత అధ్యయన కేంద్రానికి, తెలంగాణ తాలూకాల్లో వందేళ్ళుగా కురిసిన వానల లెక్క కట్టడానికని ఒక లినక్స్ యంత్రాన్ని కొన్నారు. కొన్న కొన్నాళ్ళకే డైరెక్టర్ బుచ్చిబాబు గారి మానిటర్ కాలిపోయింది. కొత్తది వచ్చేదాకా అని చెప్పి దీని మానిటర్‌ను ఊడదీసి ఆయన గదికి మోసుకుపోయారు. కొత్తది రాలేదు, పోయినది తిరిగి రాలేదు. మానిటర్ లేదు, కీబోర్డు లేదు, ముందు కుర్చీ కూడా లేదు. ఒక చెక్కపీట మీద ఇనుప డబ్బా, పక్కన యూపీఎస్. "తల సార్ దగ్గర, మొండెం మన దగ్గర. ఎల్లమ్మ తల్లి లెక్కనే ఉన్నది మేడం" అని నవనీత నవ్వితే, ఆ పోలిక నచ్చకపోయినా విశాలాక్షికి పేరు మాత్రం అలవాటైపోయింది.

తల పోయినా పని ఆగలేదు. పై అంతస్తులో తన బల్ల మీదున్న మామూలు కంప్యూటర్ నుంచి ఆమె ఒక ఆజ్ఞ పంపితే చాలు, కింద చీకటి గదిలో ఆ డబ్బా తనలో తానొక తెర గీసుకునేది. చూసే కన్ను లేని చోట గీసిన ఆ తెరను తీగ మీదుగా పైకి పంపేది. ఇక్కడ ఆమె మౌస్ కదిపితే అక్కడ, ఎవరికీ కనిపించని తెర మీద, బాణం కదిలేది. మొదటిసారి అది చూసిన రోజున ఆమె చేతిలోని కాఫీ మీగడ కట్టింది. వినాయకుడు పాలు తాగుతున్నాడని నగరమంతా చెంచాలు పట్టుకుని పరుగెత్తిన రోజున తార్నాక చౌరస్తాలో నిలబడి ఒక ఇటుకముక్క చేత పాలు తాగించి చూపిన మనిషి ఆమె. అద్భుతమన్న మాటను ఆవిడ నోట విన్నవాళ్ళు లేరు. ఆ రోజు కూడా అనలేదు. కానీ సాయంత్రం ఇంటికి వెళ్ళే ముందు మళ్ళీ ఒకసారి కిందికి దిగి, ఏమీ తెలియనట్టు కూర్చున్న ఆ డబ్బా వైపు కాసేపు చూసి వెళ్ళింది.

తలుపు తీసి, గడప బయట చెప్పులు విడిచి లోపలికి వెళ్ళింది. దుమ్ము యంత్రానికి శత్రువు. 'పాదరక్షలు బయట విడువవలెను' అన్న బోర్డు ఆమె స్వయంగా రాయించినదే. లోపల ఆకుపచ్చ దీపం వెలుగుతోంది, పంకా సన్నగా మూలుగుతోంది. డబ్బా మీద బొట్టు లేదు, పువ్వు లేదు. పరవాలేదనుకుని తాళం వేసి పైకి వెళ్ళింది.

బల్ల ముందు కూర్చుని, అలవాటైన ఆ ఒక్క ఆజ్ఞా కొట్టి, తెర తెరిచింది.

అందులో ఏమీ లేదు. బూడిద రంగు. దగ్గరగా చూస్తే గోనెపట్టా నేతలాగా సన్నటి నలుపు తెలుపు చుక్కలు. నట్టనడుమ, కొట్టివేత గుర్తులాంటి చిన్న అడ్డగీతల జంట. మూలన ఉండాల్సిన గడియారం లేదు. ఆజ్ఞలు కొట్టే కిటికీ లేదు. తాలూకా తర్వాత తాలూకాగా రంగు నింపుకుంటూ పోతున్న వానల పటం లేదు. మౌస్ కదిపితే గీతల గుర్తు విధేయంగా కదిలింది. నొక్కితే ఏమీ జరగలేదు. అద్దెవాళ్ళు రాత్రికి రాత్రి ఖాళీ చేసి వెళ్ళిన ఇల్లులా ఉంది.

"అన్ని పోయినయా మేడం?" అంది నవనీత, గొంతు తగ్గించి. ఆ పిల్ల పరిశోధనలో సగం ఆ పటం మీదే నిలిచి ఉంది.

విశాలాక్షి కుర్చీలోంచి లేచి హాలు వైపు చూసింది. హాల్లో ఉన్న కంప్యూటర్లన్నిటి నుదుటా కుంకుమ, మెడలో వాడిన బంతిపూలు. సెలవులకు ముందు రోజు మధ్యాహ్నం ఆయుధ పూజ. పూజంటే పనిముట్లకు విశ్రాంతి కదా, డైరెక్టర్ గారి ఆదేశం మీద అన్నిటికీ కరెంటు తీసేసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. ఆ సంగతి ముందే తెలుసు కనుకనే ఆమె ఆ ఉదయం మొండెంలోని తన ఫైళ్ళన్నిటినీ ఎవరూ మార్చడానికి వీల్లేకుండా కట్టుదిట్టం చేసి, తెర మూసేసి, అటెండరు మొగిలిని పిలిచి లోపలిదాన్ని ముట్టుకోవద్దని గట్టిగా చెప్పి, పూజ మొదలుకాకముందే ఇంటికి వెళ్ళిపోయింది. ఏటా అలాగే వెళ్ళిపోతుంది.

ఇప్పుడు ఆమె మనసులో అన్నీ వరసగా కూర్చున్నాయి. తాళం మీద బొట్టు ఉంది. మారు తాళంచెవి మొగిలి దగ్గరుంది, ఏసీ నీళ్ళు కారితే తుడవడానికని తానే ఇచ్చింది. డబ్బా మీద బొట్టు లేదంటే, పెట్టి తుడిచేశాడన్నమాట.

"మొగిలిని రమ్మను."

మొగిలి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. నలభై దాటిన మనిషి, ఎన్.ఎం.ఆర్. కింద రోజుకూలీ అటెండరు, మడిచిన చేతుల ఖాకీ చొక్కా.

"లోపల మెషిన్ ఆపావా?"

"లేదు మేడం. నేను లోపటికే పోలె."

"హాల్లోవన్నీ ఎవరు ఆపారు?"

"గవి నేనే బంద్ జేసిన. సార్ జెయ్యమన్నడు."

"అన్నీ ఆపి దీన్నొక్కదాన్ని వదిలేశావా?"

"మీరు ముట్టద్దన్నరు గద. అందుకే తాళానికి వెట్టిన బొట్టు. లోపలున్నదానికి గూడ అందుతదని." ఒక్క క్షణం ఆగి, నవ్వొచ్చీ రానట్టు, "మీకు గివన్ని నచ్చయని తెలుసు మేడం, గందుకే దూరంకెళ్ళే వెట్టిన" అన్నాడు.

"నువ్వు చెప్తావు, నేను నమ్మాలి."

మొగిలి ముఖంలోని ఆ కొంచెం నవ్వూ ఆరిపోయింది. ఆమె చెయ్యి చాపింది. అతను జేబులోంచి తాళాలగుత్తి తీసి, అందులోంచి మొండెం గది చెవిని గోటితో మెల్లగా విడదీసి, ఆమె అరచేతిలో కాకుండా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

బుచ్చిబాబు గారి గదిలో ఆ పోయిన తల దర్జాగా బల్ల మీద కూర్చుని ఉంది. నుదుట అరచేయంత కుంకుమ, తెర మీద రంగురంగుల చేపలు ఈదుతున్నాయి. ఆయన ఆమె చెప్పిందంతా విని, నిట్టూర్చి, "కాగితం మీద పెట్టండి విశాలాక్షి గారూ" అన్నాడు. "నోటిమాట గాలిమాట. శనివారం పర్మినెంట్ చేసేవాళ్ళ పేర్లు రిజిస్ట్రార్ ఆఫీసుకు పంపాలి. అందులో వీడి పేరుంది. కంప్లెయింట్ ఉన్నవాణ్ణి ఎలా పంపను?"

ఆమె అక్కడే నిలబడి నాలుగు వాక్యాలు రాసింది. అనవసరమైన విశేషణం ఒక్కటి లేదు. మూఢాచారం వల్ల యంత్రానికి నష్టం జరిగిందని, తాను అన్ని జాగ్రత్తలూ తీసుకునే వెళ్ళానని, బాధ్యుడిపై తగు చర్య తీసుకోవాలని. సంతకం పెడుతుంటే చేతిలో కలం బాగా నడిచింది.

ఆ సాయంత్రం తార్నాకలో బస్సు దిగి, కోచింగ్ సెంటర్ల ముందు మూగిన కుర్రకారును తప్పించుకుంటూ తన వీధిలోకి మలుపు తిరిగేసరికి, అపార్ట్‌మెంట్ గేటు పక్కన ఇస్త్రీ బండి దగ్గర బాలలక్ష్మి కనిపించింది. బాలలక్ష్మి మొగిలి భార్య. ఆ వీధిలో ఇస్త్రీ బండి పెట్టుకోవడానికి అపార్ట్‌మెంట్ వాళ్ళను ఒప్పించింది విశాలాక్షే. ఆమె నేత చీరలు ఇంకెవరి చేతా అంత పొందికగా మడత పడవు.

బాలలక్ష్మి పెట్టె మూత తీసి బొగ్గుల మీది బూడిద ఊది, నాలుకకు తాకించిన వేలితో అడుగు తట్టి వేడి చూసుకుంది. చీర పరిచి, ఇత్తడి చెంబులోంచి నీళ్ళు చిలకరించింది. "గంజి మస్తు దట్టిచ్చిన్రమ్మా. చీరనా రేకా గిది?"

"గంజి లేకపోతే నేను నిలబడను, చీరా నిలబడదు."

బాలలక్ష్మి నవ్వుతూ పెట్టెను బార్డరు వెంట నడిపింది. "శనివారం లిస్టు పోతదంట గదమ్మా. పద్నాలుగేండ్ల సంది ఇగో అగో అంటున్నరు. పేరు వడితె చాలు. మా ఆయన అయితె నిన్నటి సంది చొక్కా గూడ కొత్తగ దొడుగుతున్నడు. పర్మినెంటోని లెక్క నడుస్తున్నడు చూడున్రి, గిట్ల ఛాతి ఇర్సుకోని." పెట్టె పక్కన పెట్టి నడిచి చూపించింది. "మీరు గూడ జెర సార్‌కు ఒక మాట చెప్పున్రమ్మా. మీ మాటంటే సార్‌కు మంచి గురి."

విశాలాక్షి పట్టుకున్న సంచిలో ఆ రుమాలు ఉంది. "చూద్దాం" అని మెట్లెక్కింది.

మర్నాడు పొద్దున చీరలు తీసుకోవడానికి వెళ్ళినప్పుడు బాలలక్ష్మి తల ఎత్తలేదు. బొగ్గులు సరిగ్గా రాజుకోక పొగ వస్తోంది. విసనకర్రతో అదేపనిగా విసురుతోంది.

"రాత్రి బువ్వ తినలేదమ్మా. ఎవరో కాగితం వెట్టిన్రంట ఆయన మీద. పేరు తీసేస్తరంట."

"ఎవరు పెట్టారట?"

"ఎవరయ్యా అని అడిగిన. తెల్వదన్నడు. మళ్ళ అడిగిన. తెల్వదంటె తెల్వదంతె, నువ్వు నీ బండి జూస్కో అన్నడు." మడిచిన చీరలు రెండు చేతులా అందించింది. అంచుకు అంచు, కొసకు కొస, ఒక్క ముడత లేదు. "నేను జెయ్యలె అంటున్నడమ్మా. ఆయన తాగుతడు గాని అబద్ధమాడడు. తాగినప్పుడు అసలే ఆడడు."

విశాలాక్షికి ఆ కాగితం ఎవరిదో మొగిలికి తెలుసని తెలుసు. ఆ బండి ఈ గేటు పక్క నుంచి కదలకూడదనే పేరు చెప్పలేదనీ అర్థమైంది. చీరల వెచ్చదనం చేతులకు తగులుతుంటే మెట్లెక్కి, వాటిని ఇంట్లో పెట్టి బస్టాపు వైపు నడిచింది. దారి పొడుగునా ఆమెను వేధించింది జాలి కాదు. తాను ఇతరులను ఎన్నోసార్లు అడిగిన ప్రశ్న. బాబా చేతిలోంచి విభూతి రాలిందన్నవాణ్ణి, కలలో దేవుడు కనిపించాడన్నవాణ్ణి, చేతబడి జరిగిందన్నవాణ్ణి ఆమె ఒకటే అడిగేది: నీకు ఎలా తెలుసు? ఆ ప్రశ్న నిన్న ఆమెను ఎవరూ అడగలేదు. ఆమె కూడా తనను తాను అడగలేదు.

మొగిలి యంత్రాన్ని ఆపాడని రుజువు చెయ్యాలి. అది చేసేస్తే సరిపోతుంది. ఆ నిర్ణయంతోనే ఆమె బల్ల ముందు కూర్చుంది.

బూడిద తెర అలాగే ఉంది. దాన్ని పక్కకు నెట్టి, బొమ్మలేవీ లేని, ఉత్త అక్షరాల దారిన మొండెంలోకి ప్రవేశించింది. నల్లటి తెర మీద ఒక గుర్తు, దాని పక్కన ఆజ్ఞ కోసం ఎదురుచూస్తూ మిణుకుమనే గీత. నిన్న ఈ దారిన ఒక్క ఆజ్ఞ పలికి బయటికి వచ్చేసింది. లోపల చుట్టూ చూడనే లేదు.

"ఏం చూస్తున్నరు మేడం?" నవనీత కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది.

"ఇది ఎప్పటి నుంచి మేలుకుని ఉందో చెప్పమని దీన్నే అడుగుదాం. ఆపి మళ్ళీ పెట్టి ఉంటే పూజ రోజు నుంచి అని చెప్తుంది. సాక్షికి మతం లేదు, మొహమాటం లేదు."

ఒక్క మాట కొట్టింది. ఒక్క వరుస జవాబు వచ్చింది.

విశాలాక్షి కళ్ళజోడు తీసి, పైట కొసతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. అక్కడున్నది నాలుగైదు రోజుల లెక్క కాదు. నాలుగు నెలలు దాటిన లెక్క. ఆమె క్యాలెండర్ దించి, రోజుల్ని వెనక్కి వేసుకుంటూ పోయింది. దసరా దాటింది, వినాయక చవితి దాటింది, బోనాలు దాటాయి. లెక్క వచ్చి మృగశిర కార్తె నాటి మధ్యాహ్నం దగ్గర ఆగింది. యూపీఎస్‌కు కొత్త బ్యాటరీలు పెట్టించిన రోజు. సగం ఆఫీసు చేపల కూరకు ఇళ్ళకు పోతే, ఆ బ్యాటరీలను మెట్ల మీదుగా మోసింది మొగిలి ఒక్కడే.

"తప్పు చూపిస్తుందేమో" అని, ఇంకో దారిన అడిగింది. లోపల ఇప్పుడు ఏమేం పనులు నడుస్తున్నాయి, ఏది ఎప్పుడు మొదలైంది? వరుసలు గలగలా దిగాయి. వాటిలో వానల లెక్క వేసే ప్రోగ్రామ్ ఉంది. అదీ జూన్‌లోనే మొదలైంది. ఇంకా నడుస్తోంది. ఈ క్షణాన కూడా నడుస్తోంది.

ఆమె వెన్ను కుర్చీకి ఆనింది.

పూజ జరుగుతున్నప్పుడు నడిచింది. సెలవుల్లో ఆవరణలో పిట్టమనిషి లేనప్పుడు నడిచింది. తాను నష్టం నష్టమని నాలుగు వాక్యాలు రాస్తున్నప్పుడు, కింద గదిలో, పొగడ్త అక్కర లేకుండా, నింద అంటకుండా, వందేళ్ళ వానల్ని చినుకు చినుకుగా కూడుతూనే ఉంది. తెర బోసిగా ఉన్నదని ఇల్లే కూలిందనుకుంది తను. నక్షత్రాలను గురించి, సముద్రాల అడుగును గురించి చదివినప్పుడు కలిగే ఒక నిశ్శబ్దం ఉంది. మనిషి చూసినా చూడకపోయినా జరిగిపోయే దాని ముందు కలిగే నిశ్శబ్దం. అది ఇప్పుడు ఆమెను ఆవరించింది. ఆ నిశ్శబ్దంలోంచే సంచిలోని రుమాలు గుర్తొచ్చింది.

"గంధం" అంది పైకే.

"ఏంది మేడం?"

"కన్నం నిండా గంధం పెట్టాడు నవనీతా. ఎండి రాయిలా అయింది. నేను పిన్నీసుతో పొడిస్తే గాని చెవి దూరలేదు. పూజ తర్వాత ఆ తలుపు తెరుచుకోలేదనడానికి అంతకన్నా సీలు ఇంకేం కావాలి? చేతిలో సాక్ష్యం పట్టుకుని, తుడిచి, సంచిలో వేసుకుని, వాణ్ణి దొంగను చేశాను."

నవనీత బూడిద తెర వైపు వేలు చూపి, "మరి గా తెర ఎందుకు గట్లున్నది?" అంది.

అదే మిగిలింది. విశాలాక్షి కాగితం అక్కర లేకుండా ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ పోయింది. తీగ బాగుంది, లేకపోతే గుర్తు కదలదు. తెర గీసే పని బాగుంది, లేకపోతే ఆ బూడిద రంగైనా రాదు. అంటే గది కట్టారు. సామాను రాలేదు. గడియారాన్ని తే, కిటికీలు పెట్టు, వాటికి చట్రాలు తొడుగు అని చెప్పే చిన్న ఫైలొకటి ఉంటుంది. తెర గీయడం అయ్యాక యంత్రం దాన్ని పిలుస్తుంది. అది పలికిందా? యంత్రం తన పని గురించి తాను రాసి పెట్టుకున్న నాలుగు ముక్కలు తెరిచింది. అడుగున ఒకే మాట. ఆ ఫైలును నడపడానికి అనుమతి లేదట.

ఎవరు ఇవ్వలేదు?

ఆ ఫైలు హక్కుల వరుస చూసింది. చదవచ్చు. అంతే. మార్చే హక్కు లేదు, నడిపే హక్కు లేదు. దాని పక్క ఫైలుకూ అంతే. ఆ పక్కదానికీ అంతే. ఆమె ఫైళ్ళన్నీ చేతులు కట్టుకుని నిలబడ్డ బంట్లలా వరసగా ఉన్నాయి.

వేళ్ళు కీబోర్డు మీదే నిలిచిపోయాయి. సెలవులకు ముందు రోజు పొద్దున, పూజ మూకను తలుచుకుని పళ్ళు బిగించి, చదవడం తప్ప ఎవరూ ఏమీ చెయ్యకుండా ఒక్క దెబ్బతో అన్నిటికీ తాళం వేసిన ఆజ్ఞ ఆ వేళ్ళదే. మార్చకుండా చెయ్యాలనుకుంది. మార్చే హక్కుతో పాటు నడిచే హక్కు కూడా ఊడిపోతుందని ఆ కోపంలో తోచలేదు. పనిలో ఉన్న వానల ప్రోగ్రామ్‌ను ఆ ఆజ్ఞ ఆపలేదు. అప్పటికే లోపలికి వచ్చి కూర్చున్నదానికి మళ్ళీ అనుమతి అక్కర లేదు. కొత్తగా లేచి నడవాల్సినవే కదలలేకపోయాయి. నిన్న తెర తెరవమన్నది కూడా తనే.

నవనీతకు అర్థమయ్యేసరికి కొంచెం సమయం పట్టింది. తర్వాత నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

"నవ్వు, పరవాలేదు."

"ఏం లేదు మేడం. పూజంటే పనిముట్లను ముట్టకుండా, నడ్పకుండా పెట్టుడే గద." చున్నీ వెనక నుంచి, "మరి అందరికన్నా పెద్ద ఆయుధ పూజ మీరే చేసిన్రు. బొట్టొక్కటి తక్కువ" అంది.

విశాలాక్షికి కూడా నవ్వు వచ్చింది. వచ్చి, సగంలో ఆగిపోయింది.

ఆ చిన్న ఫైలుకు నడిచే హక్కు తిరిగి ఇచ్చింది. బూడిద తెరను మూసేసి, కొత్తది గీయమంది. ఒక్క క్షణం మళ్ళీ ఆ గోనెపట్టా కనబడింది. అంతలో మూలన గడియారం వచ్చి కూర్చుంది. దాని ముల్లు చేతిగడియారంతో సరిగ్గా సరిపోయింది. చట్రాలు తొడుక్కుంటూ కిటికీలు ఒకదాని వెనక ఒకటి నిలబడ్డాయి. పటానికీ హక్కు ఇచ్చి తెరిచేసరికి, సెలవుల్లో పూర్తయిన తాలూకాలన్నీ గుత్తగా రంగులద్దుకుని ఉన్నాయి. మనిషి లేని ఆ రోజులన్నిట్లో కురిసిన పాత వానలన్నీ ఒక్కసారి ఎదురొచ్చినట్టయింది.

"అబ్బ" అంది నవనీత.

ఆ రోజు కూడా విశాలాక్షి కాఫీ చల్లారిపోయింది.

డైరెక్టర్ గారు ఆ మధ్యాహ్నమే ఏదో మీటింగుకని వెళ్ళిపోయారు. శనివారం ఉదయం ఆయన కారు దిగేసరికే విశాలాక్షి వరండాలో నిలబడి ఉంది.

బుచ్చిబాబు గారు తాపీగా విన్నాడు. "అయితే మెషిన్ బాగయింది. సంతోషం."

"మొగిలి పేరు."

"తీసేశానండీ. టైపు కూడా అయిపోయింది. పదకొండింటికి మనిషి తీసుకెళ్తాడు."

"మళ్ళీ టైపు చేయించండి."

ఆయన కుర్చీలో వెనక్కి వాలి చేపల వైపు చూశాడు. "చేయించాలంటే మీ కంప్లెయింటుకు ఏదో ముగింపు ఉండాలి కదా. పోనీ, కరెంటు హెచ్చుతగ్గుల వల్ల జరిగిందని రాసివ్వండి. కరెంటు మీద తోసేద్దాం. కరెంటు ఏమీ అనుకోదు."

"కరెంటు పోలేదండీ. జూన్ నుంచీ పోలేదు."

"విశాలాక్షి గారూ, ఈ ఏడాదితో రిటైరవుతున్నారు. ముప్ఫై ఏళ్ళ సర్వీసు. ఫైల్లో మీ చేత్తో మీరే మచ్చ పెట్టుకోవడం ఎందుకు చెప్పండి? రేపు జనవరి ఒకటిన ప్రపంచంలో కంప్యూటర్లన్నీ ఆగిపోతాయంటున్నారు. అప్పుడు ఇదెవరికి గుర్తుంటుంది?"

"అవి ఆగవు" అంది ఆమె. "ఫైలూ ఆగదు. అందులో ఉన్న నాలుగు వాక్యాలు అబద్ధం. ఒక తెల్లకాగితం ఇవ్వండి."

మళ్ళీ నాలుగు వాక్యాలే రాసింది. యంత్రం ఒక్క క్షణం కూడా ఆగలేదని, లోపం తాను ఇచ్చిన ఆజ్ఞ వల్ల కలిగిందని, గది తలుపు సెలవుల్లో తెరవబడలేదనడానికి తానే సాక్షినని, తన ఫిర్యాదు నిరాధారమని. నిరాధారం అన్న మాట దగ్గర కలం ఆగింది. ఆ మాటను ఆమె జీవితమంతా ఎదుటివాళ్ళ నమ్మకాలకే వాడింది. రాసి, కింద గీత గీసి, సంతకం పెట్టింది. కొత్త ప్రతి టైపయ్యేదాకా టైపిస్టు పక్కనే నిలబడింది. మొగిలి పేరు మీద అచ్చు పడుతున్న చప్పుడు విన్నాకే కదిలింది. మనిషి కవరు తీసుకుని సైకిలెక్కి గేటు దాటేదాకా వరండాలోంచి చూసింది.

మొగిలి మొండెం గది ముందు వరండాలో కుండలో నీళ్ళు నింపుతున్నాడు. ఆమెను చూసి బిందె దించి నిలబడ్డాడు.

"నీ పేరు వెళ్ళింది మొగిలీ. నేను చూసే వచ్చాను."

అతను తల ఊపాడు. బిందె అంచు నుంచి కారుతున్న నీళ్ళను అరచేత్తో తుడిచాడు.

"తప్పు నాది. నేనే చేసుకుని నీ మీద పెట్టాను. అదే రాసిచ్చాను."

"మంచిగైందా మేడం అది?"

"దానికేమీ కాలేదు. నువ్వు చెప్పినట్టే ఉంది. అసలు నిద్రే పోలేదు."

"నేను గూడ పోలె" అన్నాడు మొగిలి. "రెండు రాత్రులు."

ఆమె సంచిలోంచి మారు తాళంచెవి తీసింది. గురువారం అతను బల్ల మీద పెట్టిన చెవి. ఇప్పుడు ఆమె దాన్ని ఎక్కడా పెట్టకుండా చేత్తోనే పట్టుకుని నిలబడింది. మొగిలి తడిచేతిని చొక్కాకు రెండుసార్లు తుడుచుకుని అందుకున్నాడు. గుత్తిలో దాని చోటు ఇంకా ఖాళీగానే ఉంది.

"వచ్చే దసరాకు మీరుండరు గద మేడం" అన్నాడు, చెవిని గుత్తికి ఎక్కిస్తూ. పెదవి మూలన ఆ కొంచెం నవ్వు మళ్ళీ వచ్చింది. "బొట్టు వెట్టాల్నా, వద్దా?"

"పెట్టుకో. కన్నంలో మాత్రం పెట్టకు. ఈసారి పిన్నీసు ఎవరి దగ్గరా ఉండదు."

అతను నవ్వాడు. నవ్వాక, తలుపు వైపు చూసి, "గింతకు లోపల అది ఏం జేస్తదో నాకు తెల్వదు మేడం. నాలుగు నెలల సంది కావలి గాస్తున్న" అన్నాడు.

"తియ్యి తాళం."

చెవి సాఫీగా తిరిగింది. మొగిలి గడప దగ్గర ఆగి చెప్పులు విడిచాడు. ఆమె కూడా విడిచింది. లోపల చల్లగా, చీకటిగా ఉంది. పీట మీద ఆ డబ్బా, దాని ఆకుపచ్చ దీపం, ఆ సన్నటి మూలుగు. మొగిలి వంగి, చేతులు వెనక్కి కట్టుకుని, ముట్టుకోకుండా తన చెవిని డబ్బాకు దగ్గరగా పెట్టాడు.

"ఇప్పుడు ఏం జేస్తున్నది?"

"వానలు లెక్కపెడుతోంది."

"ఎక్కడియి?"

"అన్ని ఊళ్ళవీ. మీది ఆలేరు పక్క కదూ? ఆ తాలూకాది కూడా."

"ఎప్పటియి మేడం?"

"నువ్వు పుట్టకముందువి. మీ తాత పుట్టకముందువి కూడా ఉన్నాయి."

మొగిలి వంగినవాడు వంగినట్టే వింటూ ఉండిపోయాడు. విశాలాక్షి కూడా అతని పక్కన, ఆ మూలుగు తప్ప మరేదీ లేని చీకట్లో, కదలకుండా నిలబడింది. గడప అవతల ఎండలో రెండు జతల చెప్పులున్నాయి.